పాత లెక్క తేల్చుకుని పౌరసత్వం అడగండి

అమెరికా పౌరసత్వానికి పెట్టుకునే దరఖాస్తును ఎన్-400 అంటారు. పేరు, చిరునామా, పెళ్ళి, పిల్లలు, చేసిన ప్రయాణాలు నింపేదాకా ఎవరికీ చెయ్యి ఆగదు. ఆ తర్వాత అవునా, కాదా అని అడిగే ప్రశ్నలు వరసగా మొదలవుతాయి. గ్రీన్‌కార్డు వచ్చాక నాన్ రెసిడెంట్‌నని అనుకుని పన్ను రిటర్న్ వెయ్యకుండా వదిలేశారా? ప్రభుత్వానికి పన్ను బకాయి ఉన్నారా? అమెరికా అధికారులకు ఎప్పుడైనా తప్పుడు సమాచారం ఇచ్చారా? చాలామందికి చెయ్యి ఆగేది ఇక్కడే. ఎమ్మెస్ చదివే రోజుల్లో గ్యాస్ స్టేషన్‌లో చేసిన రాత్రి షిఫ్టులు గుర్తొస్తాయి. ఇండియన్ రెస్టారెంట్ యజమాని వారం చివర కవర్లో పెట్టి ఇచ్చిన నోట్లు గుర్తొస్తాయి. ఆ డబ్బుకి రిటర్న్ వెయ్యలేదన్న సంగతి కడుపులో తిప్పుతుంది. వెంటనే స్నేహితుడికి ఫోన్ చేస్తారు. అటునుంచి వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే: "ఎందుకు బ్రో టెన్షన్, నో అని కొట్టెయ్. అందరూ అలాగే పెట్టారు."

ఆ సలహా వినకండి. దయచేసి వినకండి. పాత తప్పుకి చట్టంలో చాలా దారులున్నాయి. దాని మీద ఇవాళ కప్పే అబద్ధానికి మాత్రం ఉన్న దారులు బహు తక్కువ.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో కూర్చుని అమెరికా ఫారం గురించి రాయడం ఎందుకని అడగవచ్చు. లాల్‌పేట, దుర్గాపూర్ బొగ్గుగనుల్లో, బల్లార్‌పూర్ కాగితం మిల్లులో, థర్మల్ పవర్ స్టేషన్‌లో, రైల్వేలో పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు మనవి. ఆ ఇళ్ళ పిల్లల్లో నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఇంజినీరింగ్ చదివి డాలస్‌కో న్యూజెర్సీకో చేరినవాళ్ళున్నారు. వాళ్ళ దరఖాస్తుకి కావలసిన కాగితాల్లో కొన్ని ఇక్కడి బ్యాంకుల్లో, ఇక్కడి తహశీల్ కార్యాలయాల్లోనే ఉంటాయి. పైగా పౌరసత్వం, సరిహద్దు అనే మాటలు ఈ జిల్లాకి కొత్త కాదు. తూర్పు బెంగాల్ శరణార్థుల గుర్తుగా బెంగాలీ క్యాంప్ అనే పేరు ఊళ్ళోనే ఉంది. రాజురా వాసులైతే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనతో ఏ ఫారమూ నింపకుండానే ఇటువైపు వచ్చేశారు. మన పిల్లలకి ఆ సౌకర్యం లేదు. వాళ్ళు ఫారం నింపాలి, ప్రమాణం చేసి ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

వేములవాడ చెప్పే సంగతి

దరఖాస్తులో చెప్పకుండా వదిలిన ఒక్క విషయం మనిషిని ఎంతదూరం తరుముతుందో చూడటానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. వేములవాడ ఎమ్మెల్యేగా పలుమార్లు గెలిచిన చెన్నమనేని రమేశ్ జర్మనీలో ఉండి అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. తిరిగివచ్చి 2008 మార్చిలో భారత పౌరసత్వానికి దరఖాస్తు చేశారు. 2009లో అది వచ్చింది, అదే ఏడాది శాసనసభకు ఎన్నికయ్యారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు దేశంలోనే ఉండాలని మన పౌరసత్వ చట్టం అంటుంది. ఆ పన్నెండు నెలల్లో విదేశానికి వెళ్ళొచ్చిన సంగతి ఆయన దరఖాస్తులో లేదు. ఎన్నికల్లో ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ ఆ దారం పట్టుకుని వదల్లేదు. కేంద్ర హోంశాఖ 2017లో ఒకసారి, 2019 నవంబరులో మరోసారి పౌరసత్వాన్ని రద్దు చేసింది. చివరికి 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కే ఇమ్మంది.

ఫారం నింపిన నాటి నుంచి లెక్కేస్తే పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళలో ఎన్నికలు గెలిచారు, పదవిలో ఉన్నారు, జనానికి పనులు చేశారు. ప్రశ్న మాత్రం వెంటే ఉంది. నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఆ ప్రయాణాల సంగతి ఉన్నదున్నట్టు రాసి, గడువు నిండేదాకా ఆగి మళ్ళీ పెట్టుకుని ఉంటే పోయేది కొన్ని నెలలు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఆయనకి దొరికిన వకీళ్ళు మన పిల్లలకి దొరకరు. ఆయన తట్టుకున్న ఖర్చు మనింట్లో ఎవరూ తట్టుకోలేరు.

మన చట్టంలోనూ పౌరసత్వం కోరేవాడు మంచి నడవడిక ఉన్నవాడై ఉండాలన్న షరతు ఉంది. మోసంతోనో, ముఖ్యమైన విషయం దాచిపెట్టో తెచ్చుకున్న పౌరసత్వాన్ని వెనక్కి తీసుకునే సెక్షనూ ఉంది. కాబట్టి ఇది అమెరికావాళ్ళ చాదస్తం అనుకోవద్దు.

చిన్న అబద్ధం ఖరీదు

అమెరికా చట్టం మంచి నడవడికని మామూలుగా దరఖాస్తుకు ముందు అయిదేళ్ళకు చూస్తుంది. అమెరికా పౌరులను పెళ్ళి చేసుకుని వాళ్ళతో కాపురం ఉంటూ ఆ దారిలో దరఖాస్తు పెట్టేవాళ్ళకు మూడేళ్ళు. అంతకుముందు సంగతులు చూడకూడదని ఎక్కడా లేదు, చూడవచ్చనే ఉంది. 2025 ఆగస్టులో ఇమ్మిగ్రేషన్ శాఖ తన అధికారులకు కొత్త ఆదేశం ఇచ్చింది. నేరం లేకపోతే చాలని సరిపెట్టుకోకుండా మనిషి మొత్తం నడవడికని తూచమంది. అందులోనే పన్నులు సక్రమంగా కట్టిన చరిత్రని మంచివైపు లెక్కించమని, పాత బకాయి పూర్తిగా తీర్చినవాళ్ళ విషయంలో దాన్ని దిద్దుబాటుగా గుర్తించమని చెప్పింది. ఈ రెండో మాట మీద కళ్ళు పెట్టండి. దిద్దుకున్నవాడికి చోటుందని ప్రభుత్వమే రాసి ఇచ్చింది.

అబద్ధం సంగతి వేరు. ఇంటర్వ్యూ గదిలో అధికారి ముందుగా మిమ్మల్ని నిలబెట్టి, కుడిచెయ్యి పైకెత్తించి, నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. ఆ తర్వాత మీ నోటి నుంచి వచ్చే ప్రతి మాటా సాక్ష్యమే. పౌరసత్వం కోసమని అక్కడ అబద్ధం చెబితే చట్టం దాన్ని విడిగా, పేరుపెట్టి నిషేధించింది. 1988లో కుంగిస్ అనే లిథువేనియా జాతీయుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. ప్రమాణం మీద, ప్రయోజనం పొందే ఉద్దేశంతో నోటితో చెప్పినది అబద్ధమైతే చాలు, అది ముఖ్య విషయమా కాదా అని చూడనక్కర్లేదంది. అర్థం చేసుకోండి. నిజం చెప్పి ఉంటే ఏ నష్టమూ జరగని విషయంలో అబద్ధం చెప్పినా దరఖాస్తు పోవచ్చు. పన్నెండేళ్ళ కిందటి నాలుగు నెలల పని అయిదేళ్ళ గడువు దాటిపోయింది. ఇవాళ దాని గురించి ఆడిన అబద్ధం మాత్రం ఇవాళ్టిదే, దాని అయిదేళ్ళు ఇవాళే మొదలవుతాయి.

పౌరసత్వం వచ్చేశాక ఏం చేస్తారులే అనుకునేవాళ్ళూ ఉన్నారు. 2017లో మస్లెన్యాక్ కేసులో అదే కోర్టు ప్రభుత్వానికి కొంత పగ్గం వేసింది. తప్పుడు మాట చెప్పారన్న నేరారోపణతో పౌరసత్వం తీసెయ్యాలంటే ఆ అబద్ధం పౌరసత్వం రావడంలో పాత్ర పోషించి ఉండాలంది. ఇది ఊరటే. కానీ సివిల్ దావా వేసి పౌరసత్వం రద్దు కోరడానికి ప్రభుత్వానికి కాలపరిమితి లేదు. ముప్పై ఏళ్ళ తర్వాతైనా తలుపు తట్టవచ్చు. మనవళ్ళు పుట్టాక, ఇంటి అప్పు తీరాక, రిటైర్మెంట్ ముంగిట ఆ నోటీసు వస్తే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి.

పని సంగతి

అనుమతి లేని పని అనగానే అందరికీ ఒకే శిక్ష అనుకుంటారు. కాదు. మీరు గ్రీన్‌కార్డు ఏ దారిలో తెచ్చుకున్నారన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి చట్టంలో 245(కె) అనే మినహాయింపు ఉంది. చివరిసారి సక్రమంగా దేశంలోకి వచ్చిన నాటి నుంచి అనుమతి లేని పని, స్టేటస్ తప్పడం లాంటివన్నీ కలిపి 180 రోజులు దాటకపోతే గ్రీన్‌కార్డుకి అడ్డం రావు. రోజుకి రెండు గంటలే చేశానన్నా అది ఒక రోజు కిందే జమ. చివరిసారి వచ్చిన నాటి నుంచి అన్న మాట చాలామంది గమనించరు. చదువుకునే రోజుల్లో పని చేసి, తర్వాత హెచ్1బీ ఉద్యోగ వీసాకి ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుని తిరిగివచ్చినవాళ్ళకి ఆ పాత రోజులు ఈ లెక్కలోకే రాకపోవచ్చు. ఏళ్ళ తరబడి నిద్రపోకుండా భయపడ్డ విషయం, వకీలు దగ్గర అరగంటలో తేలిపోయే సందర్భం ఇది. అమెరికా పౌరుడి భార్య, భర్త, తల్లిదండ్రులు, పెళ్ళికాని 21 ఏళ్ళలోపు పిల్లలుగా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి అనుమతి లేని పని అడ్డం కాకుండా చట్టమే విడిచిపెట్టింది.

మరి భయపడాల్సింది దేనికి? పని ఎలా దొరికిందో దానికి. చేరేటప్పుడు యజమాని ఐ-9 అనే కాగితం నింపిస్తారు. అందులో అమెరికా పౌరుణ్ణి అన్న గడిలో టిక్కు పెట్టి ఉంటే అది అబద్ధపు పౌరసత్వ దావా. 1996 సెప్టెంబరు చివర నుంచి ఇలాంటి దావాకి చట్టం దాదాపు దయ చూపదు. వేరేవాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబరు వాడి ఉంటే అదీ విడిగా తీవ్రమైన విషయమే. అప్పట్లో ఏ కాగితం మీద సంతకం పెట్టారో, యజమాని ఏం నింపాడో గుర్తు తెచ్చుకోండి. ఈ రెండింటిలో ఏది ఉన్నా దరఖాస్తు అక్కడే ఆపి ముందు వకీలు దగ్గరికి వెళ్ళండి. ఇలాంటప్పుడు నష్టం తిరస్కరణతో ఆగదు, చేతిలో ఉన్న గ్రీన్‌కార్డు మీదికే వస్తుంది.

గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ అనుమతి లేకుండా పని చేశారా అని అడుగుతారు. అప్పుడు ఏం చెప్పారో గుర్తుందా? గుర్తులేకపోతే ఊహించకండి. సమాచార హక్కు కింద ఇమ్మిగ్రేషన్ శాఖను అడిగితే మీ ఫైలు నకలు ఇస్తారు. ఇంటర్వ్యూ బల్ల మీద అధికారి ముందుండే ఫైలు అదే. అందులో ఏముందో ఆయనకంటే ముందు మీకు తెలియడం మీ హక్కు.

కాలేజీ పేరు కూడా చూసుకోండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అక్కడ చేరినవాళ్ళలో మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్ళకి ట్రాకింగ్ పట్టీలు కట్టారు. ఆ సంస్థ నడిపినావిడకి 2014లో పదహారేళ్ళు దాటిన జైలు పడింది. 2019 జనవరి చివర మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మొత్తంగా ఇమ్మిగ్రేషన్ అధికారులే పెట్టిన ఉత్తుత్తి సంస్థ అని బయటపడింది. తరగతులు లేకుండా పని అనుమతి కోసం చేరినవాళ్ళను అరెస్టు చేశారు, వాళ్ళలో దాదాపు అందరూ భారతీయులే. ఇలాంటి సంస్థల్లో పేరు నమోదైన ప్రతివాడూ మోసగాడని నేననను. ఇంట్లో బ్యాంకు అప్పు, నెలనెలా వడ్డీ, అమ్మ నగలు తాకట్టులో. ఆ ఒత్తిడిలో ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఏజెంటు మాటే వేదమైంది. అది నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ రికార్డులు ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయి, వాటి గురించి ప్రశ్న వస్తుందనే అనుకుని సిద్ధపడాలి.

పన్ను సంగతి

ఇక్కడ పెద్ద అపోహ ఒకటుంది. అనుమతి లేని పని కదా, ఆ డబ్బుకి పన్నేమిటి, రిటర్న్ వేస్తే మనల్ని మనమే పట్టించుకున్నట్టు కాదా అని. అమెరికా సుప్రీంకోర్టు 1927లోనే చట్టవిరుద్ధంగా వచ్చిన ఆదాయానికీ పన్ను కట్టాల్సిందేనంది. దొంగసారా అమ్మినవాడి కేసు అది. పని తప్పు కావచ్చు, సంపాదన మాత్రం సంపాదనే. రిటర్న్ వేసి ఉంటే మామూలుగా మూడేళ్ళు దాటాక పన్ను శాఖ దాన్ని తిరగదోడదు. అసలు వెయ్యని ఏడాదికి ఆ గడువు మొదలే కాదు, ఎప్పుడైనా అడగవచ్చు. అంటే భయపడి రిటర్న్ వెయ్యకపోవడం వల్ల ప్రమాదం పెరుగుతుంది, తగ్గదు.

పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఖాతా తెరిచి ట్రాన్స్‌క్రిప్టులు తీసుకోండి. ఏ ఏడాది రిటర్న్ చేరింది, ఎంత బాకీ, ఏ కంపెనీ మీ నంబరు మీద ఎంత జీతం చూపించింది, అన్నీ అందులో కనిపిస్తాయి. రాష్ట్రం పన్ను విడిగా చూసుకోవాలి, న్యూజెర్సీలో ఉండి న్యూయార్క్‌లో పని చేసినవాళ్ళు మరీను. బాకీ ఒక్కసారే కట్టలేకపోతే వాయిదాల ఒప్పందం చేసుకోవచ్చు. రిటర్నులు వేశారనీ, పన్ను కట్టారు లేదా కట్టడానికి ఏర్పాటు చేసుకున్నారనీ పన్ను శాఖ ఇచ్చిన ఉత్తరం చూపిస్తే మంచి నడవడికని నిరూపించుకునే వీలుందని ఇమ్మిగ్రేషన్ శాఖ సొంత మాన్యువల్లోనే ఉంది. ఆ ఉత్తరం, ఆర్నెల్లు వాయిదాలు తప్పకుండా కట్టిన రసీదులు చేతిలో పట్టుకుని వెళ్ళినవాడు ఆ గదిలో కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

పెళ్ళయి ఒకే ఇంట్లో ఉంటూ పన్ను తగ్గుతుందని ఒంటరి అనో కుటుంబ పెద్ద అనో రిటర్న్ వేసినవాళ్ళున్నారు. ఎన్-400లో పెళ్ళి తేదీ రాస్తారు, రిటర్న్‌లో ఇంకొకటి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం అధికారికి ఒక్క నిమిషం పని. సవరణ రిటర్న్ వేసి దిద్దుకోండి. గ్రీన్‌కార్డు ఉండి కూడా నాన్ రెసిడెంట్ ఫారం మీద పన్ను వేసినవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. శాశ్వత నివాసాన్ని మీరే వదులుకున్నారని దాన్నిబట్టి అనుకునే వీలుంది, ఫారంలో దాని మీద ప్రత్యేకంగా ఒక ప్రశ్నే ఉంది.

మన జిల్లా పిల్లలు తెలియక పడే గుంత మరొకటి. మూల్, సిందేవాహీ వైపు తాతల నాటి వరి పొలం ఉంది, కౌలుకిచ్చారు. వ్యవసాయ ఆదాయానికి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఎక్కడా చూపించక్కర్లేదనుకుంటారు. బ్యాంకులో ఎన్ఆర్ఈ డిపాజిట్ ఉంది, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. కానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయాన్నైనా అమెరికా రిటర్న్‌లో చూపాలి. అక్కడి చట్టానికి మన మినహాయింపులతో సంబంధం లేదు. బల్లార్‌పూర్ ఇంటి అద్దె, చంద్రపూర్ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, పొలం కౌలు అన్నీ వస్తాయి. ఇక్కడ కట్టిన పన్ను ఉంటే దానికి అక్కడ తగ్గింపు దొరుకుతుంది, అది వేరే లెక్క. అంతేకాదు, దేశం బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక విడిగా ఇవ్వాలి. నాన్న తన ఖాతాలో పిల్లవాడి పేరు కూడా కలిపి ఉంటే, అందులో ఒక్క రూపాయి పిల్లవాడిది కాకపోయినా అది లెక్కలోకే వస్తుంది. ఎంతమందికి తెలుసిది? కావాలని దాచలేదు, తెలియక వదిలేశామన్నవాళ్ళ కోసం పన్ను శాఖ స్ట్రీమ్‌లైన్డ్ అనే సరళ విధానం పెట్టింది. వాళ్ళు నోటీసు పంపకముందే మనం వెళ్ళాలి, అదే అందులో కిటుకు.

నోరు తెరిచి చెప్పడం ఎలా

తప్పుని చూడటానికే భయపడేవాడు దాన్ని దిద్దలేడు. భయానికి తేదీలు లేనంతకాలం అది ఇల్లంతా నిండి ఉంటుంది. కాబట్టి తెల్లకాగితం తీసుకోండి. అమెరికాలో దిగిన ఏడాది నుంచి ఇవాళ్టి దాకా ఏడాదికొక గీత. ఒక్కొక్క దాంట్లో ఏ వీసా, ఎక్కడ చదువు, ఎక్కడ పని, అనుమతి ఉందా, ఎంత వచ్చింది, రిటర్న్ వేశారా. గుర్తులేని చోట ప్రశ్నార్థకం పెట్టండి, కల్పించి నింపకండి. రాశాక చూస్తే పద్నాలుగేళ్ళ జీవితంలో సమస్య ఉన్నది ఏ ఏడు నెలలకో పరిమితమని తెలుస్తుంది. కొందరికి అంతకంటే ఎక్కువే ఉంటుంది, అయినా ఎంతో తెలుస్తుంది.

ఆ కాగితం ముందు భార్యకో భర్తకో చూపించండి. పెళ్ళికి ముందు సంగతి కదా, చెప్పకపోతే ఏమని దాచుకున్నవాళ్ళు ఇంటర్వ్యూ రోజున రెండు భయాలు మోస్తారు. తర్వాత వకీలుకి చూపించండి. ఇక్కడ వరస ముఖ్యం. వకీలుతో మీరు మాట్లాడేది గోప్యం, చట్టం దాన్ని కాపాడుతుంది. పన్ను లెక్కలు వేసే మనిషితో మాట్లాడేదానికి నేర విచారణలో ఆ రక్షణ లేదు. పన్ను కావాలనే ఎగ్గొట్టానన్న అనుమానం మీకే ఉంటే ముందు వకీలు, ఆయన చెప్పాక పన్ను లెక్కలు చూసే సీపీఏ. టెంపుల్లో పరిచయమైన అంకుల్, వాట్సాప్ గ్రూపు, ఫారాలు నింపి పెట్టే దుకాణం, ఇవేవీ వకీలుకి ప్రత్యామ్నాయం కాదు. రెండు మూడు వందల డాలర్ల ఫీజుకి వెనకాడి జీవితాన్ని పందెం పెట్టకండి.

వకీలు సరేనన్నాక జవాబుని గొంతు విప్పి సాధన చెయ్యండి. మన చదువులు మనకి తప్పు ఒప్పుకోవడం నేర్పలేదు. టీచరు అడిగితే తల దించుకోవడం, లేదంటే సాకు చెప్పడం, ఈ రెండే అలవాటు. ఇంటర్వ్యూలో రెండూ పనికిరావు. ఇలా చెప్పి చూడండి: "అవునండి. 2012లో చదువుకునేటప్పుడు నాలుగు నెలలు గ్యాస్ స్టేషన్‌లో అనుమతి లేకుండా పని చేశాను. ఆ ఆదాయానికి అప్పుడు పన్ను కట్టలేదు. తర్వాత రిటర్న్ వేసి, జరిమానాతో సహా కట్టేశాను. కాగితాలివిగో." నాలుగైదు వాక్యాలు. మధ్యలో మా నాన్నగారి ఆపరేషన్ అని మొదలుపెట్టకండి. అందరూ చేశారండీ అనకండి, అది మిమ్మల్ని కాపాడదు సరికదా, ఇంకో నాలుగు ప్రశ్నలు పుట్టిస్తుంది. అడిగినదానికి జవాబు, దానికి కాగితం, అక్కడితో ఆపడం. నిశ్శబ్దం వస్తే రానివ్వండి. అధికారి రాసుకుంటున్నారంతే. ప్రశ్న అర్థంకాకపోతే మళ్ళీ అడగమనండి. గుర్తులేకపోతే గుర్తులేదనండి. ఇదే సాధన పిల్లల ముందు, ఆఫీసులో మేనేజరు ముందు కూడా అక్కరకొస్తుంది. తన తప్పుని నాలుగు వాక్యాల్లో, గొంతు వణక్కుండా చెప్పగలిగినవాడు ఏ గదిలోనైనా కూర్చోగలడు.

వకీలు ఇప్పుడు వద్దు, రెండేళ్ళు ఆగమంటే ఆగండి. గ్రీన్‌కార్డు పదేళ్ళకోసారి కొత్తది చేయించుకుంటూ ఉండవచ్చు, పౌరసత్వానికి చివరి తేదీ అంటూ లేదు. పక్కింటివాళ్ళకి ప్రమాణ స్వీకారం అయిపోయింది, ఫొటోలు పెట్టారని తొందరపడటంలో అర్థం లేదు.

చంద్రపూర్‌లోని అమ్మానాన్నలకు

ఈ మాట మీకు. వీడియో కాల్‌లో "నీతో వెళ్ళినవాడికి పౌరసత్వం వచ్చేసిందట, నీకెప్పుడురా" అని అడగడం మానండి. ఆ ఒక్క ప్రశ్నకి జడిసే పిల్లలు సగం తయారై దరఖాస్తు పెట్టేస్తారు. మీరు చెయ్యగలిగిన సాయం వేరే ఉంది. పిల్లవాడి పేరు కలిపి ఉన్న ప్రతి ఖాతా జాబితా రాయండి, మూసేశారనుకున్నవీ, సహకార బ్యాంకులో ఉన్నవీ, పోస్టాఫీసువీ. ఒక్కొక్కదానికి ఏడాది వారీగా వడ్డీ సర్టిఫికెట్, ఏడాదిలో అత్యధిక నిల్వ కనిపించే స్టేట్‌మెంటు తీసుకోండి. ఇక్కడి పన్ను లెక్కల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, అమెరికావాళ్ళది జనవరిలో. అందుకని స్టేట్‌మెంటు జనవరి నుంచి డిసెంబరు దాకా అడగండి, లేకపోతే పిల్లలు మళ్ళీ మీకే ఫోన్ చేస్తారు. పొలం పిల్లవాడి పేరున ఉంటే సాత్‌బారా ఉతారా అనే భూమి రికార్డు తాజా నకలు, కౌలు డబ్బు ఏ ఏడాది ఎంత వచ్చిందో రాసిన కాగితం పంపండి. కౌలు చేతికి నగదుగా వస్తే ఈ ఏడాది నుంచి బ్యాంకులో వెయ్యమని కౌలుదారుకి చెప్పండి. పాత ఏళ్ళ స్టేట్‌మెంట్లకు బ్యాంకులో ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రుసుము కూడా తీసుకుంటారు. అందుకే పిల్లవాడు ఫారం మొదలుపెట్టకముందే, ఈ వారమే బ్యాంకుకి వెళ్ళి అడగండి.